ఎర్ర వైరు, నల్ల వైరు, ఖాదర్ వలి

గిద్దలూరులో మీ కారు లైటు వెలగకపోయినా, హారను మోగకపోయినా, ఏసీ గాలి రాకపోయినా జనం చూపించే దారి ఒకటే. రైలు గేటుకు ఇవతల కాటమరాజు పంచరు షాపు, దాన్ని ఆనుకుని బోర్డు లేని రేకుల షెడ్డు. అది ఖాదర్ వలిది. ముప్పై ఒక్క ఏండ్లుగా బండ్లకు వైర్లు కట్టడమే ఆయన పని. మనిషి పొట్టి, వేళ్లు పొడుగు, గొంతు మాత్రం పాతికేండ్ల పిల్లగాడిది. ఆయనలో లోపమంటూ ఉంటే ఒక్కటే. తప్పు అనేది ఆ షెడ్డులో ఎప్పుడూ దొరకని స్పేరు పార్టు.

నేను ఇక్కడి హైస్కూల్లో గుమస్తాని. మూడేండ్ల కింద వలి భాయ్ నా కారు హారను బాగుచేసి ఇచ్చినాడు. ఆ రోజు నుంచి బ్రేకు తొక్కినప్పుడల్లా హారను మోగేది. మా హెడ్మాస్టరు గారు రోడ్డు దాటుతుంటే నేను మర్యాదగా బండి ఆపినాను, బండి ఆయన మీద అరిచింది. మరుసటి రోజు పోయి ఈ సంగతి చెప్తే వలి భాయ్ కారు చుట్టూ ఒకసారి తిరిగి, బ్రేకేసేటప్పుడు ముందున్నోడికి తెలియాల్నా వద్దా సారూ అన్నాడు. వైరు మార్చినాడు గానీ ఏదో నా కోరిక మీద మార్చినట్టే మార్చినాడు. బల్బు కాలితే కంపెనీది తప్పు, బ్యాటరీ చస్తే ఎండది తప్పు, ఫ్యూజు పోతే బండి గలాయన జాతకానిది తప్పు.

అట్లాంటి మనిషి నోట ‘తప్పు నాది’ అనే మాట నేను విన్నాను. పోయిన తుపాను వానల్లో, నల్లమల అంచున, అడవి చెక్‌పోస్టు గొలుసు ముందర. ఆ సంగతే ఇది.

కారులో గాలి విసిరే మోటారును అందరూ బ్లోయరంటారు. డ్యాష్‌బోర్డు కింద, ఎడమ పక్కన కూర్చున్న వాళ్ల మోకాళ్లకు ఎదురుగా, డబ్బాలాంటి పెట్టెలో ఉంటుంది. చల్లగాలైనా వేడిగాలైనా లోపలికి తోసేది అదే. మా ఊళ్లో వేడిగాలి మాట ఎవరికీ తెలియదు. ఎండాకాలం నలభై నాలుగు డిగ్రీలు దాటే ఊరికి హీటరెందుకని, గాలి మార్చే మరకు ఒక పక్క ఎర్ర రంగు ఎందుకు పూసినారో కూడా ఎవరూ అడగరు. నీలం వైపు తిప్పి, నాలుగో నంబరు మీద పెట్టి, ఆరు నెలలు దాన్ని పిండుతారు. మా రోడ్ల దుమ్ముకు ఫిల్టరు నెలకే చాప మాదిరి తయారవుతుంది. కొందరు దాన్ని పీకి పారేస్తారు, అప్పుడు దుమ్మంతా నేరుగా మోటారు మీద పడుతుంది.

ఈ మోటార్ల విషయంలో ఖాదర్ వలికి సాటి లేరు. కొత్తది వేయమని పోతే తిట్టేవాడు. విప్పి, లోపల అరిగిన కార్బన్లు మార్చి, ఎండిపోయిన బుష్షుకు రెండు చుక్కలు నూనె పోసి, చక్రంలో ఇరుక్కున్న వేపాకులూ వేరుశెనగ పొట్టూ బ్రష్షుతో దులిపి, ఇంకో రెండేండ్లు నడిపించేవాడు. ‘మోటారు చచ్చే ముందు మూడు నెలలు ఏడుస్తాది సారూ, ఎవరూ ఇనరు’ అనేవాడు. ఒకటో నంబరు మీద గాలి రాక నాలుగో నంబరు మీద మాత్రమే వస్తే మోటారు జోలికి పోవద్దని, అది గాలి వేగం తగ్గించే రెసిస్టరు పని అని, చెయ్యి పెట్టకుండానే చెప్పేవాడు. ఆయన మాట తప్పయిన సందర్భం మేం చూడలేదు. చూసినా గుర్తుపట్టేవాళ్లం కాదేమో.

అసలుది కాలిపోయి ఇక లేవదనుకున్నప్పుడు మాత్రం మార్చేవాడు. కంపెనీ మోటారు రావాలంటే నాలుగు రోజులు పడుతుందని, విప్పేసిన పాత కార్ల సామాను అమ్మే చోట ఏరుకొచ్చేవాడు. ఈసారి ఆయన తెచ్చినవి రెండు. వేరే రకం కారువి. కొలత సరిపోయింది, స్క్రూల బొక్కలు సరిపోయినాయి, పాత చక్రం సరిపోయింది, ప్లగ్గు ఒక్కటే కలవలేదు. ఆయనకు అదొక లెక్క కాదు. ప్లగ్గు కోసేసి, ఎర్ర వైరు ఎర్ర వైరుకు, నల్ల వైరు నల్ల వైరుకు మెలేసి, టేపు చుట్టినాడు. మా దిక్కున అందరూ చేసే పనే. మొదటిది కృపాకర్ కారుకు ఎక్కింది.

కృపాకర్‌కు ముప్పై ఐదు దాటి ఉంటాయి. కారు బాడుగకు తిప్పుతాడు. పెండ్లిళ్లకు ఆ కారును ఎవరూ పిలవరు, పాతది. ఆస్పత్రులకు పిలుస్తారు, ఎందుకంటే కృపాకర్ గుంతల్లో దించడు, దారిలో పాటలు పెట్టడు, రోగిని చెయ్యి పట్టుకుని లోపలిదాకా తీసుకుపోతాడు. అట్ల ఆయన నమ్మకంగా తిప్పే మనుషుల్లో వెంకటసుబ్బులమ్మ ఒకరు. ఊరికి ఆరు కిలోమీటర్ల పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. నలభై ఏండ్ల కింద కంది కట్టె గుచ్చుకుని ఆమెకు ఎడమ కన్ను పోయింది. ఉన్న ఒక్క కుడి కంటికి శుక్లం ముదిరింది. ముద్ద యాడుందో తడుముకుని తినే దాకా వచ్చింది. నంద్యాల ఆస్పత్రి వాళ్లు షుగరు తగ్గితేనే కత్తి పెడతామని మూడు సార్లు వెనక్కి పంపినారు. నాలుగోసారి తగ్గింది. గురువారం సాయంత్రం నాలుగింటికల్లా చేరాలి, శుక్రవారం పొద్దున ఆపరేషను. ఇది తప్పితే మళ్లీ ఎన్నాళ్లకో, అప్పటికి షుగరు మాట వింటుందో లేదో.

ఆ పనికి బండిని సిద్ధం చేసుకుందామనే కృపాకర్ మోటారు మార్పించినాడు. వేసిన మరునాడే వచ్చి, గాలి బలంగా రావడం లేదు మామా అన్నాడు. ఖాదర్ వలి ఫిల్టరు దులిపి పంపినాడు. రెండోసారి వస్తే ఏసీ గ్యాసు తగ్గిందని చెప్పి పంపినాడు. మూడోసారి మంగళవారం పొద్దున వచ్చినాడు. ఆ రోజు షెడ్డు ముందర నలుగురైదుగురం ఉన్నాం. కృపాకర్ తలొంచుకుని, మార్కాపురం డ్రైవరొకాయన చెప్పినాడని, ఒక మాట అడిగినాడు.

“మామా, మోటారు తిరగబడి తిరుగుతాందేమో, ఒకసారి చూస్తావా?”

ఖాదర్ వలి చేతిలో పని ఆపినాడు. టేబుల్ ఫ్యాను చూసినావా ఎప్పుడైనా అని అడిగినాడు. తిరగబడి తిరిగితే గాలి లోపలికి గుంజుతుందని, గాలి బయటికి వస్తోందంటే సరిగ్గానే తిరుగుతోందని, ఈ మాత్రం తెలియనోడు చెప్తే ఇంకొకడు వినొచ్చినాడని అందరికీ వినపడేట్టు చెప్పినాడు. తర్వాత కృపాకర్ చెయ్యి పట్టుకుని కారులో గాలి వచ్చే జాలీ ముందు పెట్టినాడు.

“చెప్పు అల్లుడా, నీ చెయ్యిని లోపలికి గుంజుతాందా? పోనీ, చెయ్యి మొద్దుబారిందేమో ఆస్పత్రిలో చూపిచ్చుకుంటావా?”

మేం నవ్వినాం. నేను కూడా నవ్వినాను, అది దాచడం బాగుండదు. కృపాకర్ నవ్వలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, దాన్నొకసారి చూసుకుని, బండెక్కి పోయినాడు.

గురువారం పొద్దుటి నుంచే ముసురు. తుపాను ఒంగోలు పక్కన తీరం దాటుతుందని టీవీలో చెప్తున్నారు. స్కూలుకు సెలవిచ్చినారు. సెలవు దొరికింది కదా అని నేను కారు తీసుకుని షెడ్డుకు పోయినాను. నా బ్లోయరు సంగతి చెప్పుకోవాలంటే కొంచెం సిగ్గే. పెట్టెలో ఎలుక కాపురం పెట్టింది. అది నాకు తెలిసింది మా బావమరిది పెండ్లిచూపులకు అందర్నీ ఎక్కించుకుని మీట నొక్కినప్పుడు. నమిలిన పత్తీ, శెనగ పొట్టూ, నా పాత పొదుపు కాగితాల తునకలూ అందరి తలల మీదా అక్షింతల మాదిరి పడినాయి. ఎలుకా దాని పిల్లలూ వేసవికే ఖాళీ చేసి పోయినాయి గానీ పోతూ పోతూ మోటారు వైర్లు కొరికి, లోపలి రాగి చుట్ట కాల్చి పోయినాయి. అందుకని రెండో మోటారు నా బండికి వేస్తున్నాడు ఖాదర్ వలి. అదే రకం, అదే కోత, అదే మెలిక.

మీట నొక్కినాడు. గాలి వచ్చింది. దూరం నుంచి ఎవరో ఊదినట్టుంది. నేను నెమ్మదిగా, కృపాకర్ అన్నది కూడా ఇదే కదా వలి భాయ్ అన్నాను. ఆ పేరు ఎత్తకుండా ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆయనకు ఒళ్లు మండింది. పక్క షాపు నుంచి కాటమరాజు కూడా వచ్చి నిలబడినాడు, వానకు ఆయనకూ గిరాకీ లేదు.

“సూడు కాటమరాజూ, చదువుకున్నాయన కూడా అదే పాట. ఇప్పుడు వైర్లు తిప్పి కడతా. గాలి లోపలికి గుంజితే ఈయన ఈ జన్మలో నా షెడ్డు కాడ నోరెత్తగూడదు.”

ఒక పేపరు ముక్క చింపి జాలీ దగ్గర పట్టుకొమ్మని నా చేతికిచ్చినాడు, లోపలికి అతుక్కుంటే అందరికీ కనపడాలని. టేపు విప్పి, ఎర్ర వైరును నల్లదానికీ నల్ల వైరును ఎర్రదానికీ తగిలించి, మీట నొక్కినాడు.

పేపరు నా చేతిలోంచి ఎగిరి వెనక సీట్లో పడింది. నా జుట్టు లేచింది. డ్యాష్‌బోర్డు మీది దుమ్మంతా మా ముఖాన కొట్టింది. కారు పుట్టిన్నాడు కూడా అంత గాలి వచ్చి ఉండదు.

ఖాదర్ వలి మీట ఆపినాడు, మళ్లీ నొక్కినాడు. వైర్లు మార్చినాడు, సన్న గాలి. మళ్లీ మార్చినాడు, హోరు. మోటారు ఊడదీసి, చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని, దాని రెక్కలు వేళ్లతో తడిమినాడు. ఇది ఫ్యాను రెక్క మాదిరి కాదు. పంజరం మాదిరి ఉండే చక్రం, ఎటు తిరిగినా గాలిని బయటికే చిమ్ముతుంది. రెక్కలు వంగిన తీరుకు సరిపోయే వైపు తిరిగితే నిండుగా చిమ్ముతుంది, ఎదురు వైపు తిరిగితే మూడో వంతు. పాత మోటారు తిరిగేది ఒక వైపు, ఈ రకం మోటారుకు ఎర్ర వైరు తిప్పేది ఇంకో వైపు. ముప్పై ఒక్క ఏండ్లు ప్లగ్గు ఎట్లుంటే అట్ల పెట్టినోడికి, లేదంటే కోసి రంగుకు రంగు కలిపినోడికి, ఈ తేడా ఎన్నడూ ఎదురుకాలేదు.

“కృపాకర్ ఈ పొద్దు నంద్యాల పోలా?” అన్నాడు కాటమరాజు.

పోయినాడు. పన్నెండున్నరకు రైలు గేటు దాటుతుంటే కాటమరాజే చెయ్యి ఊపినాడంట. కృపాకర్ కారు ఆపలేదంట. వెనక సీట్లో వెంకటసుబ్బులమ్మ అవ్వ, ముందు సీట్లో ఆమె కోడలు విజయ. నేను గడియారం చూసినాను, ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ.

నాకు వెంటనే అర్థం కాలేదు, గాలి తక్కువైతే ఉక్కపోస్తుంది, అంతే కదా అనుకున్నాను. ఖాదర్ వలికి అర్థమైంది. వానలో అద్దాలు మూసుకుంటే మనుషుల ఊపిరికి ముందు అద్దం లోపలి వైపు మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. దాన్ని చెరిపేది బ్లోయరు గాలి ఒక్కటే. ఊళ్లో అయితే గుడ్డతో తుడుచుకోవచ్చు. దిగువమెట్ట దాటినాక ఘాటు, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, ఎదురు వచ్చేవన్నీ లారీలు. కృపాకర్‌కు ఫోను చేసినాడు, కలవలేదు. అడవిలో సిగ్నలుండదు. విజయ నంబరు మాకు తెలియదు. నాలుగోసారి నొక్కి, ఫోను చొక్కా జేబులో పెట్టబోయి కింద వదిలేసినాడు. ఫోను బురదలో పడినా ఆయన చూడలేదు.

“సారూ, మీ బండిలో పోదామా” అన్నాడు. షెడ్డు తలుపు వేయడం కూడా కాటమరాజుకే వదిలేసినాం.

నా మోటారును హోరు వచ్చిన వైపే కట్టి, టేపు చుట్టి, బయలుదేరినాం. దారిలో ఆయన తనంతట తానే, వాడు అడిగినాడు సారూ, నోరు తెరిచి అడిగినాడు అన్నాడు. నేను రోడ్డు బాగలేదన్నాను.

చెక్‌పోస్టు కాడ గొలుసు వేసి ఉంది. గొడుగు కింద నిలబడిన కాపలా మనిషి, పైన మట్టి జారుతోందంట, పని లేనోళ్లు పోవద్దన్నాడు. పాత తెల్ల కారు పోయిందా అని అడిగినాం. అరగంటైందన్నాడు. మీకేం పని అని అడిగినాడు. ఖాదర్ వలి మొదట చుట్టాలున్నారన్నాడు. ఆ మనిషి కదల్లేదు. అప్పుడు కారు దిగి, వానలో నిలబడి చెప్పినాడు.

“తప్పు నాది. ఆ బండిలో గాలి మోటారు నేను తిరగేసి కట్టినా. అద్దం కనపడదు వాళ్లకు. లోపల కండ్లు లేని ముసలామె ఉండాది.”

ఆ మాట కోసం గిద్దలూరులో ముప్పై ఏండ్లుగా ఎదురుచూసినోళ్లు ఎంతమందో. విన్నది మాత్రం నేనూ, ఈ గొడుగు మనిషీ. ఆయన అట్లనా అని ఆవులించి గొలుసు దించినాడు.

ఘాటు ఎక్కుతుంటే నా అద్దం కూడా అంచుల నుంచి తెల్లబడడం మొదలైంది. ఖాదర్ వలి చెయ్యి చాపి ఆ మరను ఎర్ర వైపు తిప్పి, గాలిని అద్దం మీదికి మళ్లించినాడు. పదేండ్లుగా నా దగ్గరున్న బండికి హీటరుందని అప్పుడు తెలిసింది. నిమిషంలో అద్దం తేటపడింది. తేటపడినాక భయం ఎక్కువైంది, ఎందుకంటే రోడ్డు కనపడింది. ఎర్ర నీళ్లు అడ్డంగా పారుతున్నాయి. ఒక మలుపులో రోడ్డు అంచు గోడ రాళ్లు రెండు కొత్తగా విరిగి ఉన్నాయి. ఆయన ఒకసారి ఆపమని, దిగి, ఆ విరిగిన చోటు నుంచి కిందికి తొంగి చూసి వచ్చినాడు. మళ్లీ ఎక్కి కూర్చున్నాడు. అట్లాంటివి మూడు మలుపులు.

నాలుగో మలుపు దాటినాక కనపడినారు. కారు కొండ పక్కకు ఒరిగి ఆగి ఉంది, వెనక చక్రాల కింద రాళ్లు. కృపాకర్ తలకు ప్లాస్టిక్ సంచి కట్టుకుని, రోడ్డు మధ్యన నిలబడి, వచ్చే లారీలకు ఎర్ర తువ్వాలు ఊపుతున్నాడు. కొంచెం ముందు లారీ వెనక భాగం కనపడక రెండు మూరల దూరంలో బ్రేకు తొక్కితే, కారు పక్కకు జారిందంట. అక్కడి నుంచి ఇంక పోబుద్ధి కాలేదంట. అంతదాకా ఎట్ల వచ్చినారో విజయ చేతిలోని గుడ్డను చూస్తే తెలిసింది. ఆస్పత్రికని సర్దుకున్న సంచిలోంచి దొరికిందల్లా తీసి అద్దం తుడిచింది. తువ్వాలు అయిపోయింది, దుప్పటి అయిపోయింది, చివరికి లంగా. మమ్మల్ని చూసి దాన్ని సీటు కింద తోసేసింది. ఊపిరి పట్టకుండా ఉండాలని అద్దాలన్నీ దించినారు. వెనక సీట్లో అవ్వ తడిసి ముద్దై, కొంగు తల మీద కప్పుకుని, ఎటు చూడాలో తెలియనట్టు కూర్చుని ఉంది. దగ్గుతోంది.

ఖాదర్ వలి నేరుగా కారు ఎడమ తలుపు తీసినాడు. విజయను దిగమని చెప్పి, ఆమె కాళ్లు పెట్టుకునే చోట తల కిందికీ కాళ్లు పైకీ వేసుకుని దూరినాడు. లుంగీ జారిపోతుంటే నేను పట్టుకున్నాను. టేపు విప్పడం, రెండు వైర్లు అటుదిటు చేయడం, మళ్లీ చుట్టడం, అన్నీ కలిపి నాలుగు నిమిషాలు పట్టలేదు. మీట నొక్కితే హోరుమని గాలి, అద్దం చూస్తుండగానే తేటపడింది. ఇంతేనా అన్నట్టు విజయ చూసింది. ఇంతే.

ఆయన బయటికి వచ్చి కృపాకర్ ముందర నిలబడినాడు.

“నువ్వు చెప్పిందే నిజం అల్లుడా. తిరగబడే తిరుగుతాంది. మంగళవారం నాడు నీ మాటిని వైరు మార్చింటే ఈమె ఈపాటికి మంచమ్మీద ఉండేది.”

కృపాకర్ ప్లాస్టిక్ సంచి తీసి నీళ్లు దులిపినాడు. టైమైపోయింది మామా అని, చక్రాల కింద రాళ్లు తీసేదానికి వంగినాడు. కృపాకర్ తరఫున కూడా విజయే మాట్లాడింది. నీకు నోరెంత పెద్దదో చెవులు అంత చిన్నవని, ఒక్క ముక్క వినింటే పోయేది ఏముందని, ఉన్న ఒక్క కంటి కోసం మూడు సార్లు వెనక్కి తిరిగిన ముసలిదాన్ని నాలుగోసారి వానలో నానబెట్టినావని, గాలి హోరు మీదుగా వినపడేట్టు తిట్టింది. ఖాదర్ వలి ప్రతి మాటకూ తలూపినాడు. సీటు కింది లంగా సంగతి ఆమెకు గుర్తొచ్చి ఆగింది గానీ, లేకుంటే నంద్యాల దాకా తిట్టేది.

మేం కూడా వెనకే పోయినాం. నాలుగు దాటి ఇరవై నిమిషాలకు చేరినారు. ఆలస్యాన్ని ఆస్పత్రి వాళ్లు పట్టించుకోలేదు. పొడి బట్టలు కట్టించి, రాత్రికి చేర్చుకున్నారు. పొద్దున అవ్వకు జ్వరంతో ఒళ్లు కాలింది. డాక్టరమ్మ వచ్చి గుండె మీద గొట్టం పెట్టి, దగ్గుతో కంట్లో కత్తి పెట్టలేనని, బల్ల మీద ఒక్క దగ్గు దగ్గితే ఉన్న కన్ను పోతుందని చెప్పింది. రెండు వారాల తర్వాత రమ్మన్నారు, అదీ దగ్గు పూర్తిగా తగ్గి, షుగరు పెరగకుండా ఉంటే.

ఆ రెండు వారాలు ఖాదర్ వలి షెడ్డులో కూర్చున్న మనిషిని చూస్తే వేరే ఎవరో అనిపించేది. వైరు పట్టుకుని మధ్యలో ఆగిపోయేవాడు. కాటమరాజు ఊరుకుంటాడా, వచ్చిన ప్రతి బండికీ ‘ఏ వైపు తిరుగుతాందో ముందు అడుగు బావా’ అనేవాడు. మునుపైతే దానికి పది మాటలు పడేవి. ఈయన నిజంగానే అడిగేవాడు. కారు గాలి సంగతి ఎవరైనా చెప్తే, చెప్పిందే మళ్లీ చెప్పమని, పూర్తయ్యేదాకా వినేవాడు. కొందరికి అది విసుగు పుట్టింది, పని చేస్తావా కథ వింటావా అని పక్క ఊరికి పోయినారు.

రోజు మార్చి రోజు ఆరు కిలోమీటర్లు మోపెడ్ మీద పోయి అవ్వ దగ్గు ఎట్లుందో అడిగి వచ్చేవాడు. మొదటి రోజు విజయ గడప లోపలికి రానివ్వలేదు. రెండోసారి ఆయన భార్య ఖదీజా కూడా పోయింది. ఆడవాళ్లిద్దరూ కలిసి, మగవాళ్లు ఎట్ల మాట వినరో ఒక పూటంతా మాట్లాడుకున్నారు. ఆయన అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. అవ్వకు మాత్రం ఆయన మీద కోపం లేదు. ఆ గొంతు విని, ఎవరో పిల్లగాడు, పని కొత్త, నేర్చుకుంటాడులే అనేది. యాభై ఎనిమిదేండ్ల మనిషికి ఆ ఓదార్పు ఎట్ల మింగాలో తెలియలేదు. తొమ్మిదో రోజుకు కూడా దగ్గు తగ్గలేదు. ఆ రోజు వచ్చి నాతో, సారూ, తగ్గకపోతే అన్నాడు.

పన్నెండో రోజుకు తగ్గింది. షుగరు కొంచెం పెరిగింది, అయినా చేయొచ్చన్నారు. ఈసారి కృపాకర్ కారులో ఖాదర్ వలి కూడా ఎక్కినాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. నేనెందుకు పోయినానంటే చెప్పలేను. ఇరుకు చేసినాను.

ఆపరేషను గది ముందర విజయను మాత్రం ఉండనిచ్చినారు. మేం ముగ్గురం బయట సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఘాటు నుంచి ఇప్పటిదాకా కృపాకర్ ఆయనతో బండి పని తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఖాదర్ వలి, ఇంకా కోపం పోలేదా అల్లుడా, నాలుగు తిట్లు తిట్టు, ఇద్దరికీ తేలిగ్గా ఉంటాది అన్నాడు. కృపాకర్ ఎదుటి గోడ మీది కంటి బొమ్మను చూస్తూ చెప్పినాడు.

“కోపం లేదు మామా. నా మాట ఇనలేదని కాదు నా బాధ. నువ్వు అంత గట్టిగా చెప్పేసరికి నాకే అనుమానమొచ్చింది, గాలి బాగానే వస్తాందేమో, నా చెయ్యికే తెలీడం లేదేమో అని. అందుకే ఆ పొద్దు వానలో బండి తీసినా. లేకుంటే తీసేవాణ్ణి కాదు, వేరే బండి మాట్లాడేవాణ్ణి.”

మంగళవారం నవ్వినవాళ్లలో నేనొకణ్ణి. లోపల ఎవరో దగ్గినారు. ముగ్గురం ఒకేసారి లేచి నిలబడినాం. అవ్వ కాదు, వేరే ఎవరో.

గంటన్నరకు కట్టుతో బయటికి తెచ్చినారు. ఆ రాత్రి మేం అక్కడే గడిపి, మరునాడు పొద్దున కట్టు విప్పేటప్పుడు కిటికీ బయట నిలబడినాం. డాక్టరమ్మ వేళ్లు చూపించి లెక్కపెట్టమంది. అవ్వ రెండు అన్నది, మూడు అన్నది, తర్వాత డాక్టరమ్మ ముక్కుపుడక బాగుందన్నది. విజయ గోడకు తిరిగి ముఖం తుడుచుకుంది. మమ్మల్ని లోపలికి పిలిచినారు.

అవ్వ మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. కృపాకర్‌ను చూసి, సన్నబడినావు రా అన్నది. నన్ను ఎవరని కూడా అడగలేదు. ఖాదర్ వలి నమస్కారం పెట్టి, అవ్వా, నేను, బ్లోయరు అన్నాడు. ఆ గొంతు వినగానే ఆమె తల తిప్పి, ఆయన తెల్ల గడ్డాన్నీ, బట్టతలనూ, వంగిన భుజాలనూ తీరిగ్గా చూసింది.

“నువ్వా? పని కొత్తగా నేర్చుకుంటా ఉండే పిల్లగాడనుకున్నా నాయనా. మా ఇంటికొచ్చినప్పుడల్లా నిన్ను ఒక్క మాట అననీయకుండా కోడలి నోరు మూయించినా ఇన్నాళ్లూ.”

విజయ ఆయన వైపు తిరిగింది. ఇంక నేను మొదలుపెట్టొచ్చా అత్తా అని అడిగింది. అవ్వ కానీయ్ అన్నది. ఖాదర్ వలి మంచం పక్కన ముక్కాలిపీట లాక్కుని, కూర్చుని, వినడానికి సిద్ధమైనాడు. కృపాకర్ బయటికి పోయి బండి తీసుకొచ్చి, విజయ ముగించేదాకా వాకిట్లోనే నిలిపి పెట్టినాడు.